జానస్ కేసు: నాలుగు మైళ్ల తండ్రికి పావు మైలు పిల్లలు

రెండేళ్ల కిందట ఒక ఓనరు ఫోన్ చేసి గంటసేపు గొడవ పెట్టుకున్నాడు. ఆయన మేర్‌ని (ఆడ గుర్రాన్ని) మేం దాటించిన స్టాలియన్ (పిల్లల కోసం ఉంచే మగ గుర్రం) 2400 మీటర్లు గెలిచింది. పుట్టిన పిల్లేమో మూడేళ్ల వయసులో 1200 మీటర్ల వరకు ఈల వేసుకుంటూ పోతుంది, ఆ పైన వందడుగులు వేయమంటే కాళ్లు బరువెక్కిపోతాయి. "డాక్టరుగారూ, అసలు ఆ స్టాలియన్‌తోనే దాటించారా? మీ కుర్రాళ్లేమైనా మార్చేశారా?" అని నిలదీశాడు. డీఎన్ఏ రిపోర్టు కలవకపోతే స్టడ్ బుక్‌లో, అంటే గుర్రాల వంశాల రిజిస్టరులో, పిల్ల పేరే ఎక్కదని ఆయనకీ తెలుసు. కోపంలో అన్నమాట అది.

మీ మేర్ తల్లి ఎంత దూరం పరిగెత్తేది అని అడిగాను. 1100. అమ్మమ్మ? అదీ 1100, 1200. మరింకేం అన్నాను. "మేర్ సంగతి ఎందుకండీ, నేను డబ్బు కట్టింది స్టాలియన్‌కి కదా!"

ఆ సాయంత్రం మా ఫామ్‌లో కొత్తగా చేరిన ఇద్దరు కుర్ర డాక్టర్లను కూర్చోబెట్టి, ఇంగ్లండులో పుట్టి వర్జీనియాలో మేర్లను దాటిన జానస్ అనే పాతకాలపు స్టాలియన్ కేసు చెప్పాను. స్టాలియన్ ఏం చేయగలదు, ఏం చేయలేదు అని తేల్చుకోవడానికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి కేసు లేదు. పేషెంటు చనిపోయి 240 ఏళ్లు దాటింది కాబట్టి ఓనరు ఫోన్ చేస్తాడన్న టెన్షన్ కూడా లేదు.

చోటు

మాది ఒంగోలు పక్క. మా నాన్న వర్జీనియా పొగాకు వేసేవాడు. ఆకు కాల్చే బ్యారన్ దగ్గర మంట చూస్తూ రాత్రుళ్లు పడుకున్న రోజుల్లో వర్జీనియా అంటే పొగాకు రకం అనే అనుకునేవాణ్ని. అది అమెరికాలో ఒక ప్రాంతమని, ఆ ప్రాంతం మొత్తం ఒకప్పుడు పొగాకు మీదే బతికిందని, జీతాలు, పన్నులు, జరిమానాలు, పందెం డబ్బులు అన్నీ పొగాకు పౌన్లలోనే లెక్కపెట్టేవాళ్లని చాలా తర్వాత తెలిసింది.

ఇంగ్లీషువాళ్లు అక్కడ దిగింది 1607లో. 1609లో వచ్చిన గుర్రాలను ఆ చలికాలం కరువులో కోసుకు తిన్నారు. 1649 నాటికి కాలనీ మొత్తం మీద గుర్రాలు సుమారు 200 అని అప్పటి ఒక వర్ణనలో ఉంది. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో ఎంత పెరిగాయంటే, 1669లో బయటి నుంచి గుర్రాలు తీసుకురావడాన్నే అక్కడి శాసనసభ ఆపేసింది.

ఇంత వేగంగా పెరగడానికి కారణం ఎవరూ పెంచకపోవడమే. అక్కడ కంచె పొలానికి వేసేవాళ్లు, పశువుకు కాదు. గుర్రాలు అడవిలో వాటి ఇష్టం. 1724లో వర్జీనియా గురించి రాసిన హ్యూ జోన్స్ అనే పాదిరి వాళ్ల గుర్రాల పిచ్చి చూసి నవ్వుకున్నాడు. పొద్దున్నే మైళ్ల కొద్దీ అడవిలో తిరిగి గుర్రాన్ని వెతికి పట్టుకునేది, దాని మీద చర్చికో కోర్టుకో పందేనికో రెండు మూడు మైళ్లు వెళ్లడానికట.

మగవీ ఆడవీ కలిసి అడవిలో తిరిగితే ఏమవుతుందో పశువుల డాక్టరుకి చెప్పక్కర్లేదు. ఏడాదిన్నర పిల్ల కూడా ఎదకు వస్తుంది, దొరికిన మగదానితో చూడి కడుతుంది, ఇంకా ఎదగాల్సిన ఒళ్లు అక్కడే ఆగిపోతుంది. గుర్రాలు పొట్టివైపోయాయి. 1686లో చట్టం చేశారు: రెండేళ్లు దాటి, పదమూడున్నర హ్యాండ్ల కన్నా తక్కువ ఎత్తున్న మగ గుర్రం బయట తిరగకూడదు. హ్యాండ్ అంటే నాలుగు అంగుళాలు, కాబట్టి భుజం దగ్గర 54 అంగుళాలు. మన ఊళ్లలో దేవుడి పేరు మీద అచ్చుపోసి వదిలే ఆంబోతు దూడను పెద్దలు ముందే చూసి, ఎముక, మూపురం, గిట్ట చూసి మరీ ఎంచేవాళ్లు. వాళ్లది దానికి తలకిందులు. అందర్నీ వదిలేసి, తర్వాత పొట్టివాళ్లను పట్టుకోమన్నారు. ఆడవాటి గురించి ఆ చట్టంలో మాటే లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

బాట

వాళ్ల పందేలు పావు మైలువి, అంటే 402 మీటర్లు. ఆ దూరమే ఎందుకు? చుట్టూ అడవి. ఒక చేలో పొగాకు మూడు నాలుగు పంటలు తీస్తే నేల ఒట్టిపోయేది, దాన్ని బీడు వదిలేసి ఇంకోచోట చెట్లు కొట్టేవాళ్లు. ఆ బీడులోనో, అడవి అంచున చెట్లు కొట్టిన చోటో పక్కపక్కనే రెండు తిన్నని బాటలు తీస్తే అదే రేస్‌కోర్సు. గుండ్రని ట్రాక్‌కి కావాల్సిన చదును, ఖర్చు, తీరిక మొదట్లో ఎవరికీ లేవు. రెండు గుర్రాలు, ఇద్దరు రౌతులు, డోలు దెబ్బో బాకా ఊదో వినగానే దూకుడు. పావు మైలు పరుగుకు పేరుబడ్డ జాతి క్వార్టర్ హార్స్. ఈనాటి మంచి క్వార్టర్ హార్స్ ఆ దూరాన్ని 21 సెకన్ల చుట్టుపక్కల లాగేస్తుంది. అప్పటివి కొంచెం ఎక్కువ తీసుకున్నా, ఇంటినుంచి వచ్చి, పందెం కాసి, తలతిప్పి పక్కవాడితో ఓ మాట అనేలోపు అయిపోయే ఆట.

అంత చిన్న ఆట వెనక ఎంత పెద్ద వ్యవహారం నడిచేదో 1674 నాటి యార్క్ కౌంటీ కోర్టు కాగితం ఒకటి చూపిస్తుంది. జేమ్స్ బులక్ అనే దర్జీకి ఒక మేర్ ఉంది. మాథ్యూ స్లేడర్ అనే పెద్దమనిషి గుర్రంతో దానికి పందెం కట్టాడు. పందెం 2000 పౌన్ల పొగాకు, పీపాతో సహా. కోర్టు ఏమందంటే, పందేలు పెద్దమనుషుల ఆట, కూలీనాలీ చేసుకునేవాడు పందెం కట్టడం చట్టవిరుద్ధం, కాబట్టి దర్జీకి 100 పౌన్ల పొగాకు జరిమానా. కథ అక్కడితో అయిపోలేదు. స్లేడర్ తన గుర్రాన్ని బాట నుంచి పక్కకు తప్పిస్తానని, దర్జీ మేర్‌ని గెలవనిస్తానని ముందే సంతకం పెట్టి, ముద్రవేసి మరీ రాసిచ్చాడు! ఫిక్సింగ్‌కి అగ్రిమెంటు రాసుకున్న మొనగాడు. కోర్టు ఆయన్ని ఓ గంటసేపు బొండకొయ్యలో కూర్చోబెట్టింది.

అందరూ ఈ కేసుని కులం, హోదా కథగా చెబుతారు. నిజమే, అదీ ఉంది. నాకు మాత్రం అందులో కనబడేది ఆ మేర్. ఒక దర్జీ దగ్గర, 2000 పౌన్లు కాయగలిగినంత నమ్మకమున్న ఆడ గుర్రం 1674 నాటికే ఉంది. ఇంగ్లండు నుంచి పేరున్న స్టాలియన్లు దిగడానికి 50 ఏళ్ల ముందు.

మా ప్రాంతంలో బండలాగుడు పందేలున్నాయి. గిత్తలు లాగుతాయి, గెలిచిన గిత్తకు పేరొస్తుంది, దానితో ఆవుల్ని దాటిస్తారు. కానీ ఆ గిత్త తల్లి ఎప్పుడూ బండ లాగలేదు. దాని బలం మనకు తెలియదు, ఊహించుకోవాల్సిందే. వర్జీనియాలో అలా కాదు. ఆడవీ మగవీ ఒకే బాట మీద పరిగెత్తాయి. గెలిచిన మేర్‌ని ఎవరూ అడవికి వదిలెయ్యరు, ఓడినదాన్ని ఎవరూ తిండిపెట్టి మేపరు. డెబ్భై ఎనభై ఏళ్లు ఇలా జరిగితే, ఎవరూ స్టడ్ బుక్ రాయకపోయినా, ఆడవాటి వైపు ఎంపిక దానంతటదే జరిగిపోతుంది. ఆ మేర్లలో ఎక్కువ భాగం బ్రిటన్, ఐర్లండ్ నుంచి వచ్చిన చిన్న గుర్రాల సంతతి. దక్షిణాన చికసా తెగవాళ్ల దగ్గర కొన్న స్పానిష్ రక్తపు గుర్రాలూ కొన్ని కలిశాయి.

పేషెంటు

జానస్ 1746లో ఇంగ్లండులో పుట్టాడు. ఎర్ర గోధుమ రంగు. తండ్రి పేరూ జానసే, ఆ తండ్రికి తండ్రి గోడాల్ఫిన్ అరేబియన్. ఈనాటి థరోబ్రెడ్లన్నీ (రేసు గుర్రాల జాతి) తండ్రి వరసలో ముగ్గురు మూలపురుషుల దగ్గరికి చేరతాయి, వారిలో గోడాల్ఫిన్ ఒకడు. జానస్ ఎత్తు 14 హ్యాండ్ల ముప్పావు అంగుళం, అంటే 57 అంగుళాలకు పావు తక్కువ. పొట్టివాడే. కానీ ఇంగ్లండులో పరిగెత్తింది నాలుగు మైళ్ల హీట్లు. హీట్లంటే ఒకే రోజు అదే దూరాన్ని రెండుసార్లో మూడుసార్లో పరిగెత్తడం. ఊపిరి, ఓర్పు ఉన్న గుర్రం పని అది.

1750ల్లో మోర్డెకాయ్ బూత్ అనే ఆయన జానస్‌ని వర్జీనియాలోని గ్లోస్టర్ కౌంటీకి తెప్పించాడు. అక్కడి నుంచి వర్జీనియా దక్షిణ భాగం, నార్త్ కరొలైనా వైపు పాతికేళ్లు తిరుగుతూ మేర్లను దాటాడు. 1780లో, 34 ఏళ్ల వయసులో పోయాడు.

పిల్లలు పుట్టాయి. గట్టి తొడలు, మందమైన ఒళ్లు. పావు మైలులో వాటిని పట్టేవి లేవు. నాలుగు మైళ్లకు పనికొచ్చినవి చాలా తక్కువ. 1833లో అమెరికాలో అచ్చయిన ఒక గుర్రాల వంశావళిలో పావు మైలు గుర్రాలకు వేరే గుర్తు పెట్టారు. ఆ గుర్తున్నవాటిలో ఎటు చూసినా జానస్ రక్తమే. 1940లో టెక్సస్‌లో అమెరికన్ క్వార్టర్ హార్స్ అసోసియేషన్ పెట్టేనాటికి ఈ జాతికి ఆదిపురుషుడెవరంటే జానస్ పేరే చెప్పేవాళ్లు.

మా కుర్ర డాక్టర్లను ఇక్కడ ఆపి అడిగాను: నాలుగు మైళ్ల తండ్రికి పావు మైలు పిల్లలు ఎలా పుడతారు? ఒకడు "అక్కడి మేత" అన్నాడు. ఇంకోడు "జానస్ నిజానికి స్ప్రింటరేమో, అంటే కొద్ది దూరం గుర్రమేమో, ఇంగ్లండులో గుర్తించలేదేమో" అన్నాడు. రెండోది తెలివైన జవాబే. కాదనడానికి ఇంకో గుర్రం కావాలి.

పక్క పేషెంటు

ఫియర్‌నాట్ 1755లో పుట్టాడు. తండ్రి రెగ్యులస్, రెగ్యులస్ తండ్రి గోడాల్ఫిన్ అరేబియన్. అంటే తండ్రి వైపు చూస్తే జానస్, ఫియర్‌నాట్ ఇద్దరికీ తాత ఒక్కడే. 1764లో జాన్ బేలర్ అనే పెద్ద పొగాకు భూస్వామి ఆయన్ని కెరొలైన్ కౌంటీకి తెచ్చుకున్నాడు. 15 హ్యాండ్లు దాటిన పొడగరి. 1776లో పోయాడు. ఆయన పిల్లలు నాలుగు మైళ్ల హీట్లకు పేరుబడ్డాయి.

తేడా ఎక్కడుంది? ఫియర్‌నాట్ దగ్గరికి వచ్చిన మేర్లెవో చూడండి. 1752 డిసెంబరులో గ్లోస్టర్‌లో ఒక పెద్ద పందెం జరిగింది. విలియం బర్డ్ తన గుర్రం ట్రయల్ మీద 500 పిస్టోళ్లకు సవాలు విసిరాడు. పిస్టోల్ అంటే తుపాకి కాదు, స్పానిష్ బంగారు నాణెం. మేరీల్యాండ్ నుంచి బెంజమిన్ టాస్కర్ తన సెలీమా అనే మేర్‌ని తెచ్చి గెలిచాడు. నాలుగు మైళ్లు. సెలీమా గోడాల్ఫిన్ అరేబియన్‌కి స్వయానా కూతురు. ఆ దెబ్బతో పెద్ద భూస్వాములు గుండ్రని ట్రాక్‌లవైపు, ఇంగ్లండు నుంచి దిగుమతైన మేర్లవైపు తిరిగారు. ఫియర్‌నాట్ వచ్చేనాటికి ఆయన చుట్టూ ఉన్నవి సగానికి సగం ఆ రకం మేర్లు, ఆ రకం ట్రాక్‌లు.

జానస్‌కు దొరికింది జేమ్స్ నది అవతల దక్షిణాన ఇంకా పావు మైలు బాటలు వదలని రైతుల మేర్లు. ఒకే తాత మనవలు ఇద్దరు, ఇద్దరూ దూరం పరిగెత్తే వంశం, రెండు రకాల మేర్లు, రెండు రకాల బాటలు. ఫలితం రెండు రకాలు.

నా అంచనా

గుర్రాల్లో కండ ఎంత పెరగాలో నిర్ణయించే మయోస్టాటిన్ అనే జన్యువు ఉంది. దానికి సి, టి అని రెండు రూపాలు. రెండూ సి అయితే కండపట్టిన స్ప్రింటరు. రెండూ టి అయితే దూరం పోయే గుర్రం. ఒకటి సి, ఒకటి టి అయితే మధ్యరకం. 2012లో వచ్చిన ఒక పరిశోధనలో మ్యూజియంలో దాచిన పాత స్టాలియన్ల ఎముకలు పరీక్షించారు. 1764లో పుట్టిన ఎక్లిప్స్ వాటిలో ఒకడు. ఆ పాతవాటిలో కనబడింది టి రూపమే. సి రూపం థరోబ్రెడ్లలోకి అరబ్బు స్టాలియన్ల వైపు నుంచి కాక, సుమారు 300 ఏళ్ల కిందటి ఒక బ్రిటన్ స్థానిక మేర్ నుంచి వచ్చి ఉండాలని తేల్చారు. క్వార్టర్ హార్స్‌లలో ఈనాడు అత్యధికం సి రూపమే.

జానస్ ఎముకలు ఎవరూ పరీక్షించలేదు, కాబట్టి ఇకపై చెప్పేది నా లెక్క. జానస్ రెండూ టి అయినవాడే అనుకుందాం. అప్పుడు పిల్ల ప్రతిదానికీ తండ్రి వైపు నుంచి టి ఒకటి తప్పదు, సి వస్తే తల్లి దగ్గర్నుంచే రావాలి. ఒక సి, ఒక టి అయినవాడనుకున్నా, పిల్లల్లో సగానికి ఆయన ఇచ్చేది టినే. ఎలా చూసినా సి నిండిన మేర్లు ముందే ఉంటే తప్ప అన్ని స్ప్రింటర్లు పుట్టవు. ఆ మేర్లను తయారుచేసింది డెబ్భై ఎనభై ఏళ్ల పావు మైలు బాట. ఎత్తు కొలిచిన చట్టం మగవాటిని చూసింది, బాట మాత్రం ఆడవాటినీ చూసింది.

మరి జానస్ ఏమీ ఇవ్వలేదా? ఇచ్చాడు. గట్టి ఎముక, మంచి గిట్ట, రేసు గుర్రపు ఊపిరి, అన్నిటికన్నా ముఖ్యంగా ఆయుష్షు. 34 ఏళ్ల జీవితంలో పాతికేళ్ల పాటు మేర్లను దాటిన స్టాలియన్ ఒక ప్రాంతాన్నంతా తన రక్తంతో నింపేస్తాడు. ఆయన్ని సొంత కూతుళ్లకు, మనవరాళ్లకు కూడా దాటించారు. దానివల్ల రకం త్వరగా స్థిరపడింది. ఈరోజు నా దగ్గరికి వచ్చి ఎవరైనా అలా చేయమంటే మాత్రం ఒప్పుకోను. ఆ పద్ధతిలో పుట్టి చచ్చిన పిల్లల లెక్క ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. మిగిలినవి చూసి మనం భేష్ అంటున్నాం.

పని ఎలా నడిచేది

వర్జీనియా గెజెట్ పత్రికలో వసంతం రాగానే స్టాలియన్ల ప్రకటనలు పడేవి. రంగు, ఎత్తు, వంశం, ఎక్కడ నిలబడతాడు, ధర. ధరలో రకాలు: ఒక్క దాటుకి ఇంత, సీజన్ మొత్తానికి ఇంత, చూడి నిలిస్తేనే కట్టేది ఇంకా ఎక్కువ. మేర్లకు మేత ఉచితం, కానీ తప్పించుకుపోతే మా పూచీ లేదు. ఆ చివరి వాక్యం చూస్తే నాకు మా ఫామ్ గేటు మీది బోర్డు గుర్తొస్తుంది.

స్కానర్ లేదు. మేర్ ఎదలో ఉందో లేదో తెలియాలంటే మగ గుర్రాన్ని కంచె అవతల నిలబెట్టి వాసన చూపించాలి. ఎదలో ఉంటే తోక పక్కకు పెట్టి, కాళ్లు వెడల్పు చేసి, కొంచెం కొంచెం మూత్రం వదులుతుంది. లేకపోతే చెవులు వెనక్కి మడిచి తంతుంది. ఎద అయిదారు రోజులుంటుంది, చివరి రెండు రోజులే అసలైనవి. మళ్లీ మూడు వారాలకు వాసన చూపించినప్పుడు తన్నిందంటే చూడి నిలిచినట్టు, పదకొండు నెలలకు ఈనుతుంది. మేం ఇప్పుడు పద్నాలుగో రోజున స్కాన్‌లో నల్ల చుక్కని చూసి చెబుతాం. అయినా వాసన చూపించే మగ గుర్రాన్ని, అంటే టీజర్‌ని, మానలేదు, థరోబ్రెడ్లలో ఈనాటికీ సహజంగా దాటించాల్సిందే, కృత్రిమ గర్భధారణ పనికిరాదు.

ఆ తన్నులు తిన్నదెవరు? బానిసలు. ఎద కనిపెట్టిందీ, స్టాలియన్ ముకుతాడు పట్టిందీ, పందెంలో ఎక్కిందీ చాలామటుకు వాళ్లే. ప్రకటనల్లో ఓనరు పేరు, గుర్రం తాత పేరు కూడా ఉంటాయి, గుర్రాన్ని చూసుకునే సైసు పేరు ఉండదు. నార్త్ కరొలైనాలో ఆస్టిన్ కర్టిస్ అనే ఆయన పేరు మిగిలింది. విల్లీ జోన్స్ అనే భూస్వామి దగ్గర బానిస, పావు మైలు పందేలలో గొప్ప రౌతు, ఆ లాయం మొత్తాన్ని నడిపినవాడు. 1791లో శాసనసభ చట్టం చేసి విడుదల చేసింది. ఏ మేర్ ఎలా పరిగెత్తుతుందో ఓనరుకన్నా ముందు తెలిసేది ఇలాంటివాళ్లకే. నా లెక్కలో ఆ మేర్ల ఎంపికలో సగం పని వాళ్లది.

ఇంకో చిన్న సంగతి, కాలనీ కాలం దాటిపోయినా. ఇంగ్లండులో పేరుమోసిన డెర్బీ పందేన్ని మొట్టమొదటిసారి, 1780లో, గెలిచిన డయోమెడ్ ఇంగ్లండులో స్టాలియన్‌గా చెడ్డపేరు తెచ్చుకున్నాడు, ఫీజు రెండు గినీలకు (గినీ అంటే ఇంగ్లీషు బంగారు నాణెం) పడిపోయింది. 1798లో, 21 ఏళ్ల వయసులో, వర్జీనియాకు అమ్మేశారు. అక్కడ 1805లో ఆయనకు సర్ ఆర్చీ పుట్టాడు, అమెరికా రేసు గుర్రాల్లో మహామహుడు. ముసలి స్టాలియన్‌ని నా దగ్గరికి తెచ్చి "ఇక పనికిరాడు" అని ఎవరైనా అంటే, ముందు మేర్లెవి, రోజుకెన్ని దాటిస్తున్నారు అని అడగడం నాకు ఈ కథ నుంచే అలవాటైంది.

పందేలకు బ్రేకు పడింది 1774లో. ఫిలడెల్ఫియాలో కూడిన మొదటి కాంటినెంటల్ కాంగ్రెస్, అంటే కాలనీల ప్రతినిధుల సభ, పొదుపు పాటించాలంటూ గుర్రప్పందేలు, కోడిపందేలు వద్దంది. తర్వాత ఇంగ్లండుతో యుద్ధం వచ్చింది. అది ముగియకముందే జానస్ పోయాడు.

ఓనరు సంగతి

ఆయన ఒప్పుకుంటే మూడింటి రక్తమూ విదేశంలోని ల్యాబ్‌కి పంపించాం. స్టాలియన్‌కి ఒక సి, ఒక టి. మేర్‌కి రెండూ సి. పిల్లకి రెండూ సి. కాగితం చూపించి, తండ్రి దగ్గర్నుంచి టి వచ్చే అవకాశం సగం ఉండేది, రాలేదు, వచ్చినా ఇది 2400 గుర్రం అయ్యేది కాదు అని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ట్రైనరుతో మాట్లాడి పిల్లని 1100 మీటర్ల పందేలకు మార్చాడు.

పోయిన సీజన్‌లో మళ్లీ ఫోన్ చేశాడు. స్టాలియన్ ఫీజు అడుగుతాడనుకున్నా. "ఆ మేర్‌కి ఒక చెల్లెలు ఉండాలి డాక్టరుగారూ, ఎవరి దగ్గరుందో కొంచెం కనుక్కుంటారా?" అన్నాడు.